ప్రతినాయకుని ముఖవర్ణము

కావ్యములోని దుష్టునకు రూపు కట్టవలసి వచ్చినపుడు చిత్రకారునకు కలిగెడి చిక్కు కవికి కలుగదు. చూచినవారికి వాడు భీతి గొల్పెను అని ఒక్క మాట చెప్పి కవి కథలో ముందునకు సాగిపోవచ్చును. కుంచె పట్టినవానికి ఆ సౌకర్యము లేదు. ఆ భీతి కనుబొమల ముడిలో నున్నదో, పెదవి వంపులో నున్నదో, చర్మపు రంగులో నున్నదో అతడు నిర్ణయించి తీరవలెను. నిర్ణయింపకున్నచో బొమ్మ పూర్తి కాదు.

విక్టోరియా రాణి కాలమునాటి ఆంగ్ల కథాసాహిత్యము ఇట్టి దుష్టులను విరివిగా సృష్టించినది. ఫాగిన్, హైడ్, మోరియార్టీ, డ్రాక్యులా అను పేర్లు ఆ గ్రంథములను చదువనివారికిని పరిచితములే. నేడు వీరి రూపములు లోహముతోను రెజిన్‌తోను పోతపోసిన చిన్న బొమ్మలుగా అమ్ముడగుచున్నవి. రంగు లేని బొమ్మను కొని, సన్నని కుంచెతో తామే రంగులు వేసికొనుట పలు దేశములలో పెద్దల వ్యాసంగముగా పెరిగినది. బొటనవ్రేలి పొడవైనను లేని బొమ్మకు రంగు పూయుటలో సాహిత్యవిమర్శకు పనియేమి యని కొందరికి తోచవచ్చును. వ్యాఖ్యాత పదమునకు అర్థము చెప్పునట్లే రంగువేయువాడు ముఖమునకు అర్థము చెప్పుచున్నాడు. వ్యాఖ్యాత తప్పినచో పుటలో తప్పును. రంగు తప్పినచో ఆ తప్పు కొన్నిమార్లు వీథిలోనికి నడచిపోవును.

ఈ చిన్నబొమ్మల చరిత్ర జర్మనీదేశపు న్యూరెంబర్గులో తయారైన పలుచని తగరపు సిపాయిలనుండి వచ్చినది. లండనులో విలియం బ్రిటన్ సంస్థవారు 1893లో లోపల గుల్లగా నుండునట్లు సీసముతో పోతపోయు పద్ధతిని ప్రవేశపెట్టిన పిమ్మట బొమ్మలు చౌకయై ఇంటింట చేరినవి. ఇప్పుడు ప్రచారములో నున్న కొలతలలో 28 మిల్లీమీటర్లది ఒకటి. ఆ కొలతలో మనిషి తల పెసరగింజంత. అంత చిన్న ముఖముపై గదిలోని వెలుగు పడినను కంటిగుంటలో నీడ నిలువదు, ముక్కు కొనపై మెరుపు తేలదు. అందువలన నీడను గూడ రంగుగానే వేయవలెను. మొదట బొమ్మకంతకును ఒక మూలపుపూత పూసి, దానిపై నీళ్లవలె పలుచన చేసిన రంగును పొరపొరగా వేసి, ముడుతలలోనికి ముదురు రంగును జారనిచ్చి, చెక్కిలిపైనను నుదుటిపైనను లేతరంగుతో ఎత్తు చూపించి, చిట్టచివర కంటిచుక్క పెట్టుదురు. వేయువాడు కోరినదే ఆ ముఖమునకు వెలుగు. అదే మేనిరంగుతో వేసిన ముఖము నీడల మార్పు చేతనే సాధువుగానో క్రూరుడుగానో తోచును. ఈ రహస్యము తెలిసినవారు గూడ దుష్టుని బొమ్మ చేతికి రాగానే చర్మములో కొంత ఆకుపచ్చ, కొంత బూడిదవన్నె కలిపి, కంటి చుట్టు ఎరుపు దిద్దుట ఆచారమైపోయినది.

కొందరు దుష్టుల విషయమున ఈ పని సులభము. మోరియార్టీని 1893లో ప్రవేశపెట్టుచు కానన్ డాయిల్ అతని పొడవును, సన్నదనమును, ఉబ్బిన నుదుటిని, లోనికి పోయిన కన్నులను, పామువలె అటునిటు ఊగెడి తలను వరుసగా చెప్పియే యున్నాడు. చిత్రకారుడు ఆ పట్టికను చూచి పని చేసికొనవచ్చును. చిక్కంతయు స్టీవెన్‌సన్ సృష్టించిన హైడ్‌తో వచ్చినది.

డాక్టరు జెకిల్, మిస్టరు హైడ్‌ల కథ 1886 జనవరిలో వెలువడినది. అందు హైడ్‌ను చూచినవారందరును అసహ్యించుకొందురు. ఎందుకని అడిగినచో ఒక్కరును చెప్పలేరు. తెల్లవారుజామున మూడుగంటల వేళ ఒక చిన్నపిల్లను త్రొక్కి సాగిపోయిన ఆ మనుష్యుని గూర్చి ఎన్‌ఫీల్డ్ చెప్పుచు, వాని యందు ఏదో అంగవైకల్యమున్నట్లు తోచుననియు, ఆ వైకల్యమెక్కడనో చూపలేననియు, వాని ముఖము కన్నులయెదుటనే యున్నను వర్ణింపజాలననియు అంగీకరించును. న్యాయవాది అట్టర్‌సన్ ఆ ముఖము చూచితీరవలెనని పట్టుబట్టి, కాచి, చూచును. చూచిన పిమ్మట అతడును పాలిపోయినవాడు, పొట్టివాడు అనుటకు మించి పేర్కొనదగినది పట్టుకొనలేకపోవును. స్టీవెన్‌సన్‌కు వర్ణన చేతకాక ఇట్లు చేసినాడని ఎవ్వరును అనజాలరు. ఆయన గద్యములో వీథులు, పొగమంచు, తలుపుల పెచ్చులు అన్నియు కంటికి కట్టును. ముఖమొక్కటియే ఖాళీగా నున్నది. అది బుద్ధిపూర్వకముగా వదలిన ఖాళీ.

ఈ కథలో మఱొక విశేష మున్నది. హైడ్ చిన్నవాడు. జెకిల్ దుస్తులు అతనికి వదులై వ్రేలాడును. ఇందుకు కారణమును జెకిల్ తన చివరి వాంగ్మూలములో చెప్పుచున్నాడు: తన జీవితములో తొమ్మిదిపాళ్లు సత్ప్రవర్తనమునకును సంయమమునకును వ్యయమైనందున చెడుగునకు వ్యాయామము చాలలేదట, అందుచే దాని శరీరము చిన్నదిగను పిన్నవయస్సుదిగను వచ్చినదట. దుష్టుడనగానే కొండంత రాక్షసుని తలచుకొను అలవాటు పడిన భారతీయ పాఠకునకు ఇది క్రొత్త. అందరు దుష్టులలోను హైడ్ ఒక్కడే చిన్నబొమ్మగా పుట్టినవాడు. అతనిని బొటనవ్రేలంత చేసినను అన్యాయము లేదు. అన్యాయము జరుగునదంతయు ముఖమునకు రంగు వేయునపుడే.

రంగస్థలము ఈ ఖాళీని ఎట్లు పూరించినదో చూడదగినది. రిచర్డ్ మాన్స్‌ఫీల్డ్ 1887లో బోస్టనులోను, 1888 ఆగస్టులో లండను లైసియం నాటకశాలలోను ఈ రెండు పాత్రలను తానే ధరించినాడు. దేహపు వంపు, గొంతు, దీపముల మార్పు అతనికి ముఖ్యసాధనములు. ఆ మాసాంతముననే లండను తూర్పువాడలలో స్త్రీల హత్యలు మొదలుకాగా పత్రికలు హైడ్ పేరును ఆ ఘోరములకు ముడిపెట్టినవి. చలనచిత్రములలో 1920 నాటి జాన్ బారీమోర్ మొదటి మార్పును ముఖకండరముల బలముతోనే చూపించి, పిదప కోసుదేలిన తలను, పొడుగాటి వ్రేళ్లను తగిలించుకొన్నాడు. 1931లో రూబెన్ మామూలియన్ తీసిన చిత్రములో ఫ్రెడ్రిక్ మార్చ్ ముందుకు పొడుచుకొనివచ్చిన పండ్లతో, అణగిన నుదుటితో, దట్టపు వెండ్రుకలతో కోతి వలె కనబడును. ఆ నటనకు అకాడమీ బహుమానము వచ్చినది. నటుని శక్తికి అది తగిన బహుమానమే యైనను, కథకు ఆ వేషము చేసిన మేలు లేదు. కోతిని చూచి భయపడుటకు స్టీవెన్‌సన్ అక్కరలేదు.

అయితే ఆ చిత్రములోనే ఒక సాంకేతికచాతుర్యము రంగువేయువారందరును తెలిసికొనదగినది. మార్చ్ ముఖముపై ఒక రంగుతో గీతలు, నీడలు ముందే దిద్దియుంచిరి. ఛాయాయంత్రమునకు అదే రంగు గాజుపలక అడ్డముగా నున్నంతసేపు నలుపుతెలుపుల చిత్రములో ఆ గీతలు కనబడవు. పలకను మెల్లగా మార్చినపుడు అవి తమంతట పైకి తేలివచ్చును. ముఖమునకు క్రొత్తగా ఏమియు చేరలేదు. మారినది వెలుగు మాత్రమే. జెకిల్‌లోనే హైడ్ ఉన్నాడన్న కథాసారమును ఆ కొన్ని క్షణములు చెప్పినంత చక్కగా తరువాతి కోతివేషమంతయు చెప్పలేదు.

దుష్టత్వమునకు శరీరముపై గుర్తు వేయుటలో ప్రమాదమేమి అనుటకు ఫాగిన్ కథయే సాక్ష్యము. 'ఆలివర్ ట్విస్ట్' 1837 నుండి 1839 వఱకు మాసపత్రికలో వెలువడినపుడు జార్జి క్రూయిక్‌షాంక్ బొమ్మలు వేసినాడు. చిందరవందరైన ఎఱ్ఱజుట్టు, వంకరముక్కు గల ఆ ముఖము పాఠకుల మనస్సులలో మాటలకంటె గట్టిగా నాటుకొన్నది. డికెన్సు ఆ పాత్రను పేరుతో గాక యూదుడు అని పిలుచుచు పోయినాడు. 1863లో ఎలైజా డేవిస్ అను యూదు వనిత, ఆయన యింటిని కొన్న వారి భార్య, ఆ పాత్ర తమవారికెంత అపకారము చేయుచున్నదో తెలుపుచు జాబు వ్రాసినది. ఆయన మొదట సమర్థించుకొన్నాడు. పిమ్మట 'అవర్ మ్యూచువల్ ఫ్రెండ్' నవలలో రాయా అను ఉదాత్తుడైన యూదుని సృష్టించినాడు. 1867 నాటి ముద్రణలో ఫాగిన్‌ను యూదుడని పిలిచిన తావులు అనేకము కొట్టివేసినాడు. అక్షరములను దిద్దగలిగెనే గాని క్రూయిక్‌షాంక్ బొమ్మను ఎవరు దిద్దగలరు? నేటికిని ఫాగిన్ చిన్నబొమ్మను చేయువారికి ఆ రేఖలే మాతృక.

అదే శతాబ్దములో, 1876లో, ఇటలీ వైద్యుడు లోంబ్రోసో నేరస్థులను దవడను బట్టి, నుదుటిని బట్టి గుర్తింపవచ్చునని గ్రంథము వ్రాసి శాస్త్రమని పేరుపెట్టెను. భారతదేశములో 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టము కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కించినది. ఆ చట్టము స్వాతంత్ర్యానంతరము 1952లో గాని రద్దు కాలేదు. ఇంతకును ఆంగ్లములో దుష్టునకు వాడెడి 'విలన్' అను పదమునకు మూలార్థము భూస్వామి పొలమునకు కట్టుబడిన పాలేరు అని. ఒక వర్గమువారి పేరు దుర్మార్గమునకు పేరైనది. మన భాషలలో అసురశబ్దమునకును ఇట్టి ప్రయాణమే పట్టినది. ఋగ్వేదమున వరుణాదులకు గౌరవవాచకమైన ఆ పదము పిదప దేవవైరులకు నిలిచిపోయినది.

మన సంప్రదాయము ప్రతినాయకుని ఎట్లు చూచినది? వాల్మీకి హనుమంతుడు రావణుని సభలో చూచి ఆ రూపమునకు, ధైర్యమునకు, కాంతికి ఆశ్చర్యపడును. అధర్మమే లేకున్న ఇతడు దేవలోకమునకు సైతము రక్షకుడు కాదగినవాడని తలపోయును. దశరూపకకారుడు ప్రతినాయకునకు చెప్పిన లక్షణములు లోభము, ఔద్ధత్యము, మొండితనము, పాపకర్మ, వ్యసనము. ఇవన్నియు నడవడికి సంబంధించినవే. ముక్కు తీరు, మేనిరంగు అందులో లేవు. నాట్యశాస్త్రము రంగులను రసములకు పంచినది. భయానకమునకు నలుపు, రౌద్రమునకు ఎరుపు, బీభత్సమునకు నీలము. అన్నిటికంటె మనోహరమైన శృంగారమునకు శ్యామవర్ణము. ఆహార్యాభినయమును చెప్పుపట్టున మాత్రము భరతుడు జనులకును రంగులు విధించినాడు. అచ్చట దైత్యులకు, దానవులకు, రాక్షసులకు అసితవర్ణము చెప్పబడినది. జలమునకును ఆకాశమునకును అదే చెప్పబడినది. కిరాతులు, పుళిందులు, ద్రమిళులు, ఆంధ్రులు గూడ ప్రాయికముగా ఆ రంగువారే. ఆ లెక్కన చదువు తెలుగువాడు రాక్షసునితోపాటు ఆకాశముతోను బంధుత్వము పొందుచున్నాడు! నలుపును పాపమునకు గుర్తుగా భరతుడు వాడియుండినచో నీటికి ఆ రంగు ఇచ్చియుండడు.

కథకళిలో ఈ వివేకము ఇంకను సూక్ష్మముగా నిలిచినది. నాయకుల ముఖమునకు పచ్చ. రావణునకు, దుర్యోధనునకు, కీచకునకును మొదట ఆ పచ్చయే పూయుదురు, దానిపై ఎఱ్ఱని కత్తిరేఖ దిద్ది, ముక్కుకొనపైనను నుదుటిపైనను తెల్లని గుండ్లు పెట్టుదురు. నాయకుడు కాదగిన పదార్థమే చెడినదని ఆ పచ్చ చెప్పుచున్నది. రాముడు, కృష్ణుడు నీలమేఘశ్యాములైన దేశమున నల్లని దేహమును దుష్టునకు కేటాయించుట పరువుగల సంప్రదాయము కాజాలదు. అయినను ముద్రణాలయములనుండి వెలువడిన పటములలో కృష్ణుడు క్రమముగా లేతనీలమునకు మారినాడు, అసురుడు నలుపులోనే మిగిలినాడు. ఈ విభజన ఎంత పాతదో కాని, ఇంటిగోడలపై స్థిరపడినది మాత్రము అచ్చుపటముల కాలముననే.

ఇచ్చట దుర్గ్ ప్రాంతమును తలచుకొనవలసియున్నది. భిలాయి ఉక్కుకర్మాగారమునకు సోవియట్ యూనియనుతో 1955 ఫిబ్రవరిలో ఒడంబడిక జరిగెను. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాజేంద్రప్రసాద్ ప్రారంభించెను. దల్లీరాజహరా కొండల ఇనుపరాయి అచ్చటికి వచ్చును. దేశపు నలుమూలలనుండి, తెలుగుసీమనుండియు, పనికి వచ్చినవారితో సెక్టార్లు నిండినవి. వారితోపాటు వారి పండుగలును వచ్చినవి. శివనాథ్ నది చెంతనున్న థనౌద్ గ్రామములోని కుమ్మరికుటుంబములు వినాయకచవితికిని శరన్నవరాత్రులకును విగ్రహములు చేయుటలో పేరు మోసినవి. గడ్డి చుట్టిన కట్టెచట్రముపై మట్టి మెత్తి, ఆరినపిమ్మట పగుళ్లు పూడ్చి, తెల్లపూత పూసి, రంగులు వేయుట ఇట్టి మట్టివిగ్రహములకు అన్నిచోట్లను గల వరుస. సీసపుబొమ్మకు 28 మిల్లీమీటర్లలో జరుగునది ఇచ్చట నిలువెత్తున జరుగును: మూలపుపూత, మేనిరంగు, నీడ, మెరుపు, కడపట కన్ను. బెంగాలీ సంప్రదాయములో దేవికి కన్ను దిద్దుట ఒక వ్రతము, దానికి ముహూర్తము గలదు. ఆమె పాదములకడ నున్న మహిషాసురునకు కన్ను దిద్దుటకు ముహూర్తము లేదు.

అయినను శిల్పిదృష్టితో చూచినచో ఆ సమూహమునంతటిలో ప్రయాసపడి చేయబడినది తరచు అసురుని దేహమే. దేవి ముఖమునకు నియమములు గలవు. కండరములు ఉబ్బిన భుజము, వెనుకకు విరిగిన మెడ, బల్లెము దిగిన రొమ్ము, ఇవి శిల్పికి స్వేచ్ఛనిచ్చు తావులు. అటుపై రంగు వచ్చును: పాతవారు ఆకుపచ్చ వేసిరి, నేడు ముదురుగోధుమ, నలుపు ఎక్కువ. ఆకుపచ్చని మనుష్యుడు లోకములో లేడు గనుక ఆ రంగు ఎవరిని ఉద్దేశింపదు. ముదురుగోధుమరంగు మనుష్యుడు మంటపము ముందే నిలబడియుండును.

ఇది ఊహామాత్రమైన అభ్యంతరము కాదు. పొరుగున నున్న జార్ఖండులో అసురులను పేరుగల ఆదివాసిజాతి గలదు. ఇనుపరాయిని కరగించి ఇనుము తీయుట వారి కులవిద్య. మహిషాసురుడు తమ పూర్వుడని వారిలో పలువురి విశ్వాసము. నవరాత్రులు వారికి శోకదినములు. ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్ అడవులలోని అగరియాలును అదే వృత్తివారు. వెరియర్ ఎల్విన్ 1942లో వెలువరించిన గ్రంథములో వారి దేవతలను వర్ణించినాడు: కొలిమిలో లోహాసురుడు, బొగ్గులో కోయలాసురుడు, అగ్నిలో అగ్యాసురుడు. కర్మాగారములనుండియు విదేశములనుండియు చౌకయినుము రాగా వారి చిన్నకొలుములు చల్లారినవి. ఆసియాలోని గొప్ప కొలుములలో ఒకటి నిలిచిన ఉక్కునగరములో, ఏటేట, ఇనుము తీసినవారి ఇలవేల్పుపేరు గల పురుషుడు దేవి పాదముక్రింద ఏ రంగులో కనబడవలెనను ప్రశ్న ఇంటికుంచెవాని ఇష్టమునకు మాత్రమే వదలదగినది కాదు. దేవీకథను మార్చవలెనని ఎవ్వరును కోరనక్కరలేదు. గర్వము, క్రోధము, మరణవేదన ఆ ముఖములో ఉన్న చాలును. వానికి ఒక జాతి చర్మము అవసరము లేదు.

దుర్గ్ ప్రాంతమే ఈ చిక్కునకు మఱొక పరిష్కారమును గూడ ఇచ్చినది. భిలాయికి సమీపమున గనియారీ గ్రామములో 1956లో పుట్టిన తీజన్ బాయి పాండవానీగానమును లోకప్రసిద్ధము చేసినది. సబల్ సింహ్ చౌహాన్ హిందీ మహాభారతమును ఆధారము చేసికొని కూర్చుండి పాడు వేదమతి పద్ధతికి ఝాడూరామ్ దేవాంగన్ పేరుపొందినవాడు. స్త్రీలు కూర్చుండియే పాడుట వాడుకయైన రోజులలో తీజన్ బాయి లేచి నిలిచి, నడచి, అభినయించు కాపాలిక పద్ధతిని చేపట్టినది. ఆమె చేతిలో నున్నది ఒక తంబూర. అది భీముని గదయగును, అర్జునుని ధనుస్సగును, ద్రౌపది కురులగును. దుశ్శాసనవధ ఆమెకు పేరు తెచ్చిన ఘట్టము. అందు దుశ్శాసనునకు వేషము లేదు, మీసము లేదు, రంగు లేదు. ద్రౌపదియై విలపించిన ముఖమే మరునిమిషమున దుశ్శాసనుడై పొగరు చూపును, వెంటనే భీముడై గర్జించును. ప్రక్కనున్న రాగి ఊకొట్టుచు, ప్రశ్నించుచు కథను లాగుచుండును. బుఱ్ఱకథలో తంబూర పట్టిన కథకుని, తందాన పలికెడి వంతలను ఎరిగిన తెలుగువాడు ఈ ప్రదర్శనను చూచి కొత్తపడడు. శ్రోత తన మనస్సులోని దుశ్శాసనుని తానే కల్పించుకొనును. తాను చూచిన జూదరి, తాను భయపడిన పెత్తందారు ఆ ఖాళీలోనికి వచ్చి నిలుచును. స్టీవెన్‌సన్ హైడ్ ముఖమును వదలిపెట్టిన కారణము ఇట్టిదే.

అనువాదకునకును ఇది కుంచెపనియే. హైడ్‌ను గూర్చిన తావులలో హిందీలోనికి గాని తెలుగులోనికి గాని మార్చువాడు వికృతుడు, కురూపి, నల్లనివాడు అను తేలికమాటలకు లొంగుట సులభము. కుత్సితమునకు 'కాలా' అను విశేషణము హిందీలో నాలుకకొననే యుండును. తెలుగులోను ముఖము నల్లబడుట, నల్లని హృదయము అనుచునే యుందుము. మూలములో ఆ ముఖమునకు మొదట చెప్పిన వన్నె పాలిపోయిన తెలుపని మరచుట ఎంతసేపు? ఏదో ఉన్నది, ఎక్కడనో తెలియదు అన్న అనిశ్చయమును వాక్యములో నిలుపుటయే కష్టము. నిశ్చయమైన విశేషణము పడినచోటనెల్ల కథ చిన్నదగును.

చిన్నబొమ్మకు రంగు వేయువాడు ఏమి చేయవచ్చును? స్టీవెన్‌సన్ ఒకచోట మాత్రము రంగుగిన్నె తెరచినాడు. ఒక ఉదయమున జెకిల్ తన మంచముపై మేల్కొని దుప్పటిమీది చేతిని చూచును. తన చేయి పెద్దది, తెల్లనిది, అందమైనది. కనబడిన చేయి బక్కచిక్కి, నరములు తేలి, మసకబారిన వన్నెతో, దట్టపురోమములతో నున్నది. ఆ చేతినుండియే అతడు తానెవరో తెలిసికొనును. కావున నిపుణుడైన చిత్రకారుడు చేతికి పని ఎక్కువ పెట్టి, టోపీ అంచునీడలో ముఖమును మూడువంతులు ముంచివేయుట మూలమునకు విధేయమైన పద్ధతి. జెకిల్ ముఖమునకు కలిపిన మేనిరంగునే హైడ్‌కును వాడి, మెరుపును మాత్రము తగ్గించుట అంతకంటెను మంచిది. పక్కపక్కన నిలిపిన రెండు బొమ్మలు ఒకే గిన్నెనుండి వచ్చినవని తెలిసినవారికి తెలియును.

కథాంతమున తలుపు పగులగొట్టి లోనికి పోయిన అట్టర్‌సన్, సేవకుడు పూల్ ఆ గదిలోని నిలువుటద్దముకడకు వచ్చెదరు. అందేమి కనబడునో యని వారికి భయము. వంగి చూచినపుడు కనబడినవి నిప్పుల వెలుగు, గాజుబీరువాలపై ఆ వెలుగు తళుకులు, పాలిపోయి వణకుచున్న వారి ముఖములు.